చిల్లపెంకుల బల్ల

ఊళ్లో ఉన్నవారు ఈ బల్లను చూశారు, దానిమీద టీ కూడా తాగారు. హైదరాబాదులో, బెంగళూరులో, కువైట్‌లో, మస్కట్‌లో ఉన్న మన పిల్లలు మాత్రం ఫొటో చూసి "అయ్యగారూ, అదెలా చేశారు? వేపచెట్టు వైపు అంచులో ఆ గుండ్రటి తెల్లముక్క ఏమిటి?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పడం కన్నా ఇక్కడ రాస్తే అందరికీ అందుతుందని రాస్తున్నాం. ఆ తెల్లముక్క సంగతి మాది కాదు, ఒక పెద్దమ్మది. ఆమె, ఆమె కొడుకు ఇద్దరూ రాయమన్నాకే రాస్తున్నాం.

మన ఇళ్లలో పళ్లాలు పగలవు. స్టీలు కంచం కిందపడితే మోగుతుంది, సొట్ట పడుతుంది, కడిగి మళ్లీ బోర్లిస్తాం. పింగాణీ సామాను మనకు వంటింటి వస్తువు కాదు, గూటి వస్తువు. పెళ్లిలో చదివింపుగా వచ్చిన ఆరు కప్పులు, గల్ఫ్ నుంచి వస్తూ బట్టల మధ్య చుట్టి తెచ్చిన పూల పళ్లాలు, అన్నీ పాత పేపరు పరిచిన గూట్లో కూర్చుని ఉంటాయి. ఎమ్మార్వో ఆఫీసు నుంచి ఎవరైనా వస్తే దిగుతాయి. మేమిద్దరం ప్రార్థనకు వస్తే దిగుతాయి. ఇంటివాళ్లు మాత్రం స్టీలు గ్లాసులోనే తాగుతారు. ఈ సంగతి మేము ఎన్నో ఇళ్లలో చూశాం, చూసిన ప్రతిసారీ ఆ కప్పు కొంచెం బరువుగానే అనిపిస్తుంది.

అందుకే ఆరాధన అయ్యాక "మీ ఇళ్లలో పగిలిన పళ్లాలు, కప్పులు, టైల్స్ ముక్కలు ఉంటే తెండి" అని చెప్పినప్పుడు అందరూ నవ్వారు. "పగిలినవి కాదు అయ్యగారూ, పగలగొట్టాల్సినవి ఉన్నాయి" అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు.

అవసరం చిన్నదే. ఆరాధన అయ్యాక చెట్టు కింద టీ ఇస్తాం కదా, ఆ ప్లాస్టిక్ బల్ల కాళ్లు రెండూ విరిగిపోయాయి. కొత్తది కొనడానికి డబ్బు ఉంది, కానీ ఎండకు పెళుసెక్కి అదీ రెండేళ్లకు మించి నిలవదు. పాత వంటపాకలో గట్టుకు తెచ్చి మిగిలిన కడప బండ ఒకటి గోడకు చేరేసి ఉంది. నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. మన సంఘంలోని తాపీమేస్త్రి తమ్ముడు దాన్ని చూసి, రెండు ఇటుక దిమ్మెల మీద దీన్ని పరిచి పైన పింగాణీ ముక్కలు పరిస్తే వానకూ ఎండకూ మన మనవల కాలం దాకా ఉంటుందన్నాడు. అతను హైదరాబాదులో పని చేసిన రోజుల్లో మేడల మీద తెల్ల టైల్స్ ముక్కలు పరిచేవాడట. చైనా మొజాయిక్ అంటారు దాన్ని. తెల్లటి నున్నటి ముక్కలు ఎండను తిప్పికొడతాయి, కింద గది చల్లబడుతుంది, స్లాబులోకి నీరు దిగదు. టైల్స్ షాపుల్లో పగిలిన సరుకును పారేయకుండా ఇలా వాడుకోవడం మన మేస్త్రీలకు ఎప్పటి నుంచో తెలిసిన విద్య. స్పెయిన్‌లోని బార్సిలోనాలో గౌడీ అనే వాస్తుశిల్పి కట్టిన పార్కులో పాములా మెలికలు తిరిగే పొడవాటి అరుగంతా ఇలాంటి ముక్కలతోనే చేశారు, దాన్ని చూడడానికి లోకమంతా వెళ్తుంది. మన మేస్త్రి చేసిన మేడలు కాకులు చూస్తాయి.

తర్వాతి వారం నుంచి సామాను రావడం మొదలైంది. అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చింది. చెవి విరిగిన కప్పులు, సాసర్లు, నీలం అంచున్న పళ్లెం రెండు ముక్కలు, బాత్రూములు కట్టుకోగా మిగిలిన టైల్స్. ఊరగాయ జాడీలు మూడు. పైన గోధుమరంగు, కింద మీగడ రంగు ఉండే పెద్ద జాడీలు అవి. ఒక చెల్లెమ్మ వాళ్ల అత్తగారి జాడీ ముక్కలు తెచ్చి, "ఇందులో ఆవకాయ వాసన ఇంకా ఉంది, చూడండి అమ్మగారూ" అని మా ఇంటావిడ ముక్కు దగ్గర పెట్టింది. నిజంగానే ఉంది. టౌనులో టైల్స్ షాపు ఆయన ఒక గోనె సంచి నిండా ముక్కలు ఉచితంగా ఇచ్చారు, ఆటో బాడుగ మాత్రమే మనది.

ఇలా పోగుచేసేటప్పుడు చండీగఢ్‌లోని రాక్ గార్డెన్ గురించి యవ్వనస్థులకు చెప్పాం. నేక్ చంద్ అనే ఆయన అక్కడ ప్రభుత్వ రోడ్ ఇన్‌స్పెక్టరు. దేశవిభజనలో పాకిస్తాన్ వైపు పోయిన తన ఊరు వదిలి వచ్చినవాడు. చండీగఢ్ కొత్త నగరం కట్టడానికి అక్కడున్న పల్లెలను ఖాళీ చేయించి పడగొట్టారు. ఆ పల్లెల్లో మిగిలిన పగిలిన కుండలు, గాజులు, పింగాణీ ముక్కలు సైకిలు మీద మోసుకొచ్చి, అడవిలో ఎవరికీ తెలియకుండా ఏళ్ల తరబడి బొమ్మలు చేశాడు. అది బయటపడ్డాక కూల్చేస్తారేమోనని భయపడ్డాడు గానీ, 1976లో ప్రజల కోసం తెరిచారు. 1984లో పద్మశ్రీ వచ్చింది, 2015లో పోయారు. మన పిల్లలు దీన్ని విని "లక్షలు సంపాదించాడా?" అని అడిగారు. పోనీలెండి.

ఇక పని సంగతి. చేయాలనుకునేవారి కోసం కొంచెం వివరంగా రాస్తాం.

కడప బండ నున్నగా ఉంటుంది, దానిమీద ఏదీ పట్టుకోదు. అందుకని మేస్త్రి ముందు ఉలితో బండంతా గాట్లు పెట్టాడు. చెక్కమీద చేద్దామని ఒకరన్నారు గానీ, ఆరుబయట చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుంటుంది, ముక్కలు ఊడిపోతాయి. చెక్క అంటించే తెల్లగమ్ము కూడా బయట పనికిరాదు, తడికి మెత్తబడుతుంది. టైల్స్ అంటించే పొడి సిమెంటు దుకాణంలో దొరుకుతుంది, నీళ్లలో కలిపి ఆవకాయ పిండిలా గట్టిగా చేసుకోవాలి. ఒకేసారి ఎక్కువ కలపకూడదు, ఎండాకాలం గిన్నెలోనే బిగుసుకుపోతుంది.

పళ్లాన్ని ఊరికే సుత్తితో కొట్టకూడదు. పాత తువ్వాలులో చుట్టి, బోర్లించి, నడిమికి ఒక్క దెబ్బ. కళ్లకు వెల్డింగు వాళ్ల అద్దాలు, చేతులకు మందం తొడుగులు తప్పనిసరి. పింగాణీ పెచ్చు ఎంత సన్నగా ఉంటుందంటే, గుచ్చుకున్నప్పుడు తెలియదు, సబ్బు తగిలినప్పుడు తెలుస్తుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు, చెప్పులు లేకుండా ఎవరినీ నడవనివ్వలేదు. అంచులన్నీ సానరాయి మీద తడిపి రుద్దాం. టీ గ్లాసు కోసం చెయ్యి చాపినవాళ్ల వేలు తెగకూడదు కదా.

చిక్కంతా మందంలో ఉంది. పళ్లెం ముక్క పలచన, గోడ టైల్ కొంచెం మందం, నేల టైల్ ఇంకా మందం, జాడీ ముక్క అన్నిటికన్నా మందం, పైగా వంపు. వాటిని పక్కపక్కనే పెడితే బల్ల గుంటలు గుంటలుగా ఉంటుంది, గ్లాసు నిలబడదు. పలచటి ముక్క కింద ఎక్కువ గమ్ము, మందపు ముక్క కింద తక్కువ గమ్ము వేసి, పైన చెక్కబద్ద పెట్టి నొక్కి సమం చేయాలి. వంపున్న ముక్కను ఎంత చిన్నగా కొడితే అంత చదునుగా కూర్చుంటుంది. జాడీలు మాత్రం లొంగలేదు. మేస్త్రి రెండు గంటలు వాటితో కుస్తీ పట్టి, చివరికి వాటిని పైన కాకుండా ఇటుక దిమ్మెలకు చుట్టూ అంటించాడు. బల్ల కాళ్లు ఆవకాయ జాడీలవి. మాకు అన్నిటికన్నా నచ్చినది ఆ కాళ్లే.

పైన ఏ బొమ్మ వేయాలన్న దానిమీద చాలా మాటలు నడిచాయి. యవ్వనస్థులు పెద్ద సిలువ అన్నారు. ఆడవాళ్లు నెమలి అన్నారు. మేము సిలువ వద్దన్నాం, ఎందుకంటే ఇది గోడ కాదు, బల్ల. వేడి గ్లాసులు, ఎంగిలి పళ్లాలు దానిమీదే పెడతాం. ఈ సందేహం మనకే వచ్చింది కాదు, 427లో రోమా చక్రవర్తి రెండవ థియోడోసియస్ నేలమీద సిలువ గుర్తు వేయకూడదని ఆజ్ఞ ఇచ్చాడు, జనం తొక్కుతారని. చివరికి రొట్టెలు, చేపలు అని తేలింది. గలిలయ సముద్రం ఒడ్డున తబ్గా అనే చోట, ప్రభువు అయిదు వేలమందికి ఆహారం పెట్టిన స్థలమని తరతరాలుగా చెప్పుకునే చోట, అయిదవ శతాబ్దపు మందిరం నేల ఇప్పటికీ ఉంది. చిన్న చిన్న రాళ్లతో కూర్చిన బొమ్మ అది. నడుమ రొట్టెల బుట్ట, అటొక చేప, ఇటొక చేప. బుట్టలో కనిపించే రొట్టెలు నాలుగే. అయిదోది బల్లమీద ఉండే రొట్టే అని కొందరు దానికి అర్థం చెబుతారు. మన పిల్లలు అదే చాలా బాగుందన్నారు. మన బుట్టలోనూ నాలుగే పెట్టాం. అయిదోది బిస్కెట్ పాకెట్టు అని ఒక పిల్లవాడు అన్నాడు, వాడి మాటా కొట్టిపారేయలేం.

మందిరంలో ముక్కల పని చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు. మెదక్ వెళ్లినవారికి ఆ పెద్ద దేవాలయంలో కాళ్ల కింద రంగురంగుల టైల్స్ పరిచిన నేల గుర్తుంటుంది. కరువు రోజుల్లో పాస్నెట్ దొరగారు జనానికి కూలీ, కూడు దొరకాలని ఆ పని మొదలుపెట్టించారు, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అక్కడ అందరూ పైకి చూస్తారు. మేస్త్రి తమ్ముడు మాత్రం కిందే చూస్తూ నడిచానన్నాడు.

ముక్కలు ఏరుతున్న ఆ రెండు వారాల్లో మేము బైబిలులో చిల్లపెంకులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెదికి చదివాం. మీరూ చదవండి, ఆశ్చర్యపోతారు. యోబు బూడిదలో కూర్చుని ఒళ్లు గోక్కున్నది చిల్లపెంకుతోనే. యెషయా 30వ అధ్యాయంలో ప్రవక్త ఒక కుండ ఎంతగా నుగ్గవుతుందో చెబుతూ, పొయ్యిలో నిప్పు తీసుకోవడానికి గానీ గుంటలో నీళ్లు తోడుకోవడానికి గానీ పనికొచ్చేంత పెంకు కూడా మిగలదంటాడు. అంటే అప్పటి ఇళ్లలో పగిలిన పెంకుకు కూడా పని ఉండేదన్నమాట. పక్కింటికెళ్లి నిప్పు తెచ్చుకోవడానికి మన నాయనమ్మలూ పెంకే పట్టుకెళ్లేవారు. పెంకు బీదవాళ్ల కాగితం కూడా. 1935లో లాకీషు శిథిలాల్లో తవ్వితే కుండపెంకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరికాయి. బబులోను సైన్యం యూదాను ముట్టడించిన రోజులవి. ఒక దానిలో, లాకీషు నుంచి వచ్చే నిప్పు గుర్తుల కోసం చూస్తున్నామని, అజేకా కనబడడం లేదని ఒక సైనికుడు రాశాడు. యిర్మీయా 34వ అధ్యాయం తీసి చూడండి, చివరిదాకా పడిపోకుండా మిగిలిన పట్టణాలుగా ఆ రెండు పేర్లే ఉంటాయి. ఆ సైనికుడు ఏమయ్యాడో గానీ పెంకు నిలిచింది.

గిద్యోను వెంట ఉన్న మూడువందల మంది కుండలు పగలగొట్టిన సంగతి మనం ఎన్నోసార్లు చెప్పుకున్నాం. మరుసటి ఉదయం ఆ పెంకులు ఎవరు ఏరారో ఎవరూ ప్రసంగించరు.

ఇక్కడే మాకు ఒక మాట చెప్పాలనిపిస్తోంది. పగిలిన హృదయం అనగానే మన ప్రసంగీకులం అందరం యిర్మీయా 18 తీస్తాం. కుమ్మరి చేతిలో కుండ చెడింది, ఆయన దాన్ని మళ్లీ వేరే కుండగా చేశాడు. మంచిదే. కానీ అది పచ్చిమట్టి, సారె మీద తడిగా ఉన్న మట్టి. పేజీ తిప్పితే 19వ అధ్యాయంలో ప్రవక్త కాల్చిన కూజాను పెద్దల ముందు పగలగొడతాడు, ఇది ఇక బాగుచేయరానిదని చెబుతాడు. కాల్చిన మట్టి మళ్లీ మట్టి కాదు. నీళ్లలో ఎన్నాళ్లు నానబెట్టినా ముద్ద కాదు. మన సంఘాల్లో చాలామంది కాలినవాళ్లు. వాళ్లకు 18వ అధ్యాయం చెప్పి పంపిస్తే ఇంటికెళ్లి, నేనెందుకు మళ్లీ మెత్తబడడం లేదని బాధపడతారు. బల్ల పని చేస్తుంటే మాకు స్పష్టంగా కనబడింది: ఇందులో ఏ పళ్లెమూ మళ్లీ పళ్లెం కాలేదు. పువ్వు సగమే ఉంది, నీలం అంచు ఎక్కడో మొదలై ఎక్కడో తెగిపోయింది. అవి బాగుపడలేదు. ఒక చోట కూర్చున్నాయి, అంతే.

పని సగంలో ఉండగా ఒక పెద్దమ్మ కొంగులో ఏదో చుట్టుకుని వచ్చింది. తీసి చూపించింది. తెల్ల పింగాణీ కప్పు. చెవి విరిగిపోయింది, మిగతాదంతా బాగానే ఉంది. కనీసం బీట కూడా లేదు.

"ఇది పగల్లేదు కదమ్మా" అన్నాం.

"పగలగొట్టాలి అయ్యగారూ" అంది.

ఆమె భర్త, ప్రభువునందు నిద్రించిన పెద్దాయన, ఊళ్లో ఒక మోతుబరి రైతు ఇంట పాలేరుగా ఉండేవాడు. తెల్లవారుజామున చావిడి ఊడ్చి, పశువులకు మేత వేశాక టీ ఇచ్చేవారు. ఇంట్లో చెవి విరిగి పనికిరాకుండా పోయిన కప్పు అది. చావిడి చూరులో చెక్కి ఉండేది. ఆయన దాన్ని తీసి, కడుక్కుని, వంగి పట్టుకుంటే, తగలకుండా పైనుంచి పోసేవారు. తాగి, మళ్లీ కడిగి చూరులో పెట్టాలి. పని మానేసిన రోజున ఆ కప్పును ఎందుకో ఇంటికి తెచ్చుకున్నాడు. దానిలో ఎప్పుడూ ఏమీ తాగలేదు. పెట్టె అడుగున పెట్టాడు. పోయాక కూడా అక్కడే ఉంది.

మన సంఘంలో యాభై దాటిన చాలామందికి ఇది కొత్త కథ కాదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి ఎన్నో ఏళ్లయినా చూరులో కప్పు, టీ కొట్లో రెండు గ్లాసులు మనకు తెలుసు. ఇరవై ఏళ్ల పిల్లలు మాత్రం నోరు తెరిచి విన్నారు.

ఇక చర్చ మొదలైంది. సంఘ పెద్దల్లో ఒకరు గట్టిగా వద్దన్నారు. "క్రిస్మసుకు ఊళ్లోవాళ్లు అన్ని ఇళ్ల నుంచీ వస్తారు, ఈ బల్ల దగ్గరే టీ ఇస్తాం. ఆ ఇంటివాళ్ల మనవలు కూడా వస్తారు, పిల్లలు వాళ్లేం చేశారు? ఇప్పుడు బాగున్నాం కదా, పాతది తవ్వడం ఎందుకు?" అన్నారు. ఆయన పిరికివాడు కాదు, ఊళ్లో సమాధానం కోసం కాళ్లరిగేలా తిరిగిన మనిషి. యవ్వనస్థులు దానికి పూర్తిగా ఎదురు. పగలగొట్టకుండా కప్పును కప్పులాగే బల్ల నడుమ నిలబెట్టి, కింద రాసి పెట్టాలన్నారు. కువైట్‌లో ఉన్న ఆమె కొడుక్కి ఫోన్ చేస్తే, "అమ్మా, అందరి ముందూ నాన్న పరువు ఎందుకు తీస్తావు? కాలవలో పారెయ్" అన్నాడు. అతని బాధ అతనిది. అతని పిల్లలు రేపు సెలవులకు వచ్చి ఆ బల్ల దగ్గర కూర్చుంటారు కదా.

మేము ఆ రాత్రి యోహాను 4వ అధ్యాయం చదువుకున్నాం. సమరయ స్త్రీ దగ్గర ప్రభువు నీళ్లు అడిగాడు. యూదులు సమరయులతో సాంగత్యం చేయరని అక్కడ మనకున్న తర్జుమా. ఆ గ్రీకు మాటకు, పాత్రలు కలిపి వాడుకోరు అనే అర్థం కూడా ఉందని కొందరు పండితులు చెబుతారు. అది సరిపడే అర్థమే అనిపిస్తుంది, ఎందుకంటే వెంటనే ఆమె, చేదుకోవడానికి నీ దగ్గర ఏమీ లేదు కదా అంటుంది. ఆయన తాగాలంటే ఆమె పాత్రతోనే తాగాలి. ఆమె ఆశ్చర్యం అంతా ఆ పాత్ర గురించే. లేవీయకాండములో అపవిత్రమైన మట్టిపాత్రను పగలగొట్టమని ఉంది, చెక్క పాత్రనైతే నీళ్లతో కడిగితే చాలు. చెవి విరిగిన ఆ కప్పు విషయంలో ఈ ధర్మమంతా తలకిందులైంది. పాత్ర ఎంగిలి అయిందని కాదు, మనిషే ఎంగిలి అని చెప్పడానికి ఆ పాత్రను విడిగా ఉంచారు.

ఇంతలోనే ఇంకో మాట రాయకపోతే మా మనసు ఊరుకోదు. ఆ కప్పు చూసి కోపం తెచ్చుకున్న మనం మన రెండు పేటల సంగతి చూసుకోవాలి. ఒక పేట పెళ్లిలో రెండో పేటవాళ్లు పొట్లం కట్టించుకుని పోవడం, బంతిలో కూర్చోకుండా ఏదో పని ఉందనడం మేము చూస్తూనే ఉన్నాం. ప్రభురాత్రి భోజనంలో ఒకే పాత్ర పోయి చిన్న గ్లాసులు వచ్చినప్పుడు, ఆరోగ్యం కోసం మంచిదే అన్నారు, మంచిదే. కానీ అప్పుడు ఊపిరి పీల్చుకున్నవాళ్లు ఆరోగ్యం కోసమే పీల్చుకున్నారా? ఇది చదివి ఎవరికైనా మామీద అలక వస్తే ఇంటికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం.

మర్నాడు అందరూ తలో మాట అంటుంటే మా ఇంటావిడ, "ఆమె ఏమంటుందో ఎవరూ అడగలేదు" అంది. పెద్దమ్మను అడిగాం.

"నడుమ పెట్టి పేరు రాయొద్దు, ఆయన సిగ్గుపడతాడు" అంది. "ఇంట్లో మాత్రం ఉంచలేను. కాలవలో పారేస్తే ఎవడో పిల్లాడి కాల్లో దిగుద్ది. ఇక్కడైతే సిమెంట్లో కూరుకుని ఉంటది, ఎవర్నీ గుచ్చదు."

ఆ మాట విన్నాక వద్దన్న పెద్ద కూడా ఏమీ అనలేదు. నమ్మబలికించి ఆయన్ని మార్చామని అనుకోకండి, ఇప్పటికీ ఆయనకు పూర్తిగా ఇష్టం లేదు. కానీ తువ్వాలు తెచ్చింది ఆయనే.

సుత్తి పెద్దమ్మే పట్టుకుంది. మొదటి దెబ్బకు తువ్వాలులో కప్పు దొర్లింది, పగల్లేదు. మేస్త్రి చెయ్యి వేయబోతే వద్దంది. రెండో దెబ్బకు పగిలింది. విప్పి చూస్తే అంచు ముక్కలు ముక్కలైంది గానీ అడుగు భాగం చెక్కుచెదరకుండా గుండ్రంగా ఊడివచ్చింది. ఆమె చిన్న ముక్కలన్నీ మేస్త్రికి ఇచ్చేసి, వీటిని ఎక్కడ పెట్టావో నాకు చెప్పకు, మిగతావాటిలో కలిపెయ్యమంది. అవి చేపల పొట్టలో ఉన్నాయో, బుట్టలో ఉన్నాయో మాకూ తెలియదు. అడుగు ముక్కను మాత్రం తానే పట్టుకుని బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, వేపచెట్టు వైపు అంచు చూపించింది. ఆరాధన అయ్యాక ఆమె కూర్చునేది అక్కడే. మీరు ఫొటోలో చూసి అడిగిన తెల్లముక్క అది.

తర్వాతి ఆదివారం కొడుకు వీడియో కాల్‌లో బల్ల చూపించమన్నాడు. ఎక్కడ పెట్టారో చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాన్న ఎన్నేళ్లు తాగాడమ్మా దాంట్లో?" అన్నాడు. ఆమె వేళ్లు లెక్కపెట్టి, "నువ్వు పుట్టకముందు నుంచి నీ పదో తరగతి దాకా" అంది. డ్యూటీకి టైమైందని ఫోను పెట్టేశాడు. సాయంత్రం మాకు మెసేజ్ పెట్టాడు, రాయండి అయ్యగారూ, పేరు వద్దు అని.

ముక్కలన్నీ అంటించి ఒక పూర్తి రోజు కదలకుండా వదిలేశాం. ఆపైన సందుల్లో గ్రౌటు పూయాలి. బూడిదరంగు తీసుకున్నాం, తెల్లది టీ మరకలకు నెల రోజుల్లో పాడవుతుంది. చేత్తో కాకుండా రబ్బరు ముక్కతో అడ్డంగా లాగుతూ సందులన్నీ నింపాలి. ఆ క్షణంలో బల్ల చూస్తే గుండె జారుతుంది, చేసిందంతా బురదలో మునిగిపోయినట్టుంటుంది. పావుగంట ఆగి తడి స్పాంజితో మెల్లగా తుడిస్తే ఒక్కొక్క ముక్కా బయటికి వస్తుంది. మరీ తడిగా తుడిస్తే సందుల్లోని గ్రౌటు కూడా వచ్చేస్తుంది, పిండేసిన స్పాంజి చాలు. ఆరాక పైన తెల్లటి పొర కడుతుంది, దాన్ని పొడిగుడ్డతో రుద్దాలి. మూడు రోజులు తడి గోనెపట్టా కప్పి ఉంచాం. కోళ్లు ఎక్కకుండా రాత్రి పూట యవ్వనస్థులు వంతులు వేసుకుని కాపలా కాశారు, కాపలా కన్నా కబుర్లే ఎక్కువ.

సంచిలో ఇంకా సగం ముక్కలు మిగిలాయి. చుట్టూ కూర్చోవడానికి అరుగు కట్టుకోవచ్చని మేస్త్రి అంటున్నాడు, సంక్రాంతి లోపల ప్రభువు చిత్తమైతే మొదలుపెడతాం. ఇంట్లో పగిలినవి ఉంటే తెండి. గాజు సీసాలు, ట్యూబులైటు ముక్కలు, అద్దాలు వద్దు, పింగాణీ, టైల్స్ మాత్రమే. కాగితంలో కాదు, గోనెసంచిలో చుట్టి తెండి. దూరాన ఉన్న పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు తెచ్చినా పరవాలేదు, అరుగు పొడవుగానే ఉంటుంది.

ప్రార్థనలతో,
మీ పాస్టరు, పాస్టరమ్మ